గుంపులో ఎలక్ట్రాన్లు

ఇంజనీరింగ్ మొదటేడాది ఫిజిక్స్ పుస్తకంలో నాకు బాగా నచ్చిన పాఠం ఒకటే, బ్యాండ్ థియరీ. ఘనపదార్థంలో ఎలక్ట్రాన్లు ఉండగలిగే శక్తి స్థాయిలు గుంపులు గుంపులుగా ఉంటాయి, వాటిని బ్యాండ్లు అంటారు. బ్యాండు పూర్తిగా నిండితే కరెంటు పారదు, అది ఇన్సులేటర్. సగమే నిండితే పారుతుంది, అది లోహం. నిండిన బ్యాండుకీ పైనున్న ఖాళీ బ్యాండుకీ మధ్య సందు చిన్నదైతే సెమీకండక్టర్. అంతే. పది మార్కుల ప్రశ్న, రెండు బొమ్మలు, లోకంలో ఉన్న పదార్థాలన్నీ మూడు అరల్లో సర్దుకుపోతాయి. ఇంత తక్కువ సరంజామాతో ఇంత ఎక్కువ చెప్పే పాఠం ఆ సిలబస్‌లో ఇంకోటి లేదు.

ఆ పాఠం చెప్పని సంగతి ఒకటుంది. 1937లో, బ్యాండ్ థియరీ పుట్టి పదేళ్ళు కూడా కాకముందే, హాలండ్‌లో డి బోర్, వెర్వే అనే ఇద్దరు నికెల్ ఆక్సైడ్ లాంటి పదార్థాలను చూపించి, ఇది ఇన్సులేటర్ ఎలా అయింది అని అడిగారు. లెక్క ప్రకారం దాని బ్యాండు నిండలేదు కాబట్టి కరెంటు పారాలి. పారదు. ఏదో కాస్త తక్కువ పారడం కాదు, అసలు పారదు. కారణం థియరీ మొదటి వాక్యంలోనే ఉంది. బ్యాండ్ థియరీలో ప్రతి ఎలక్ట్రానూ ఒంటరిది. మిగతావన్నీ కలిసి దానికి ఒక నేపథ్యం మాత్రమే. నికెల్ ఆక్సైడ్‌లో ఎలక్ట్రాన్లకి ఒకదాన్ని చూస్తే ఒకదానికి పడదు, పక్కదాన్ని పట్టించుకోకుండా ఏదీ అడుగు వేయలేదు.

దీన్ని నాకు నేను చెప్పుకోడానికి అమీర్‌పేటలో మేమున్న హాస్టల్ పనికొచ్చింది. గదికి రెండు మంచాలు. ప్రతి గదిలో ఒకడే ఉన్నాడనుకోండి. ఓనరు పుస్తకం చూస్తే హాస్టల్ సగం ఖాళీ, ఎవడైనా ఎక్కడికైనా మారొచ్చు. కానీ ఏ గదిలోనూ ఇద్దరికి పొసగదు. రెండోవాడు అడుగు పెట్టగానే యుద్ధం. అందుకని హాస్టల్ సగం ఖాళీగా ఉన్నా ఒక్కడూ కదలడు. ఓనరు పుస్తకం బ్యాండ్ థియరీ. అసలు జరుగుతున్నది బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త మాట్ 1949లో వివరించిన పరిస్థితి, అందుకే అలాంటివాటిని మాట్ ఇన్సులేటర్లు అంటారు. ఇప్పుడు ఒక గది పూర్తిగా ఖాళీ చేయించండి. పక్కగదివాడు అందులోకి వస్తాడు, వాడి గదిలోకి వాడి పక్కవాడు, అలా ఖాళీ గది హాస్టలంతా తిరుగుతుంది. లేదా ఒకడిని అదనంగా తెచ్చి ఏదో ఒక గదిలో ఇరికించండి. వాణ్ణి ఎవరూ ఉండనివ్వరు కాబట్టి వాడు గదిగదికీ తిరుగుతూనే ఉంటాడు. ఈ రెండు మార్గాలూ గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

ఎలక్ట్రాన్లు ఇలా ఒకదాన్నొకటి గట్టిగా పట్టించుకునే పదార్థాలను స్ట్రాంగ్లీ కోరిలేటెడ్ పదార్థాలు అంటారు. దీనికి తెలుగులో మంచి మాట నాకు దొరకలేదు. ‘ప్రబల సహసంబంధం’ అంటే స్టాటిస్టిక్స్ పాఠంలా ఉంది. ఈ పదార్థాల మీదే నలభై ఏళ్ళకు పైగా పనిచేస్తున్న యోషినోరి తొకురా గురించి ఈ వ్యాసం. మనవాళ్ళు ఇంగ్లీషు చదివి టోకురా అంటారు గానీ జపనీయులు పలికేది మన ‘త’కే దగ్గర. ఆ లెక్కన టోక్యోని తోక్యో అనాలి కదా అంటే, అనాలి, కానీ అంత ధైర్యం నాకు లేదు.

తొకురా 1954లో హ్యోగో ప్రాంతంలోని నిషివాకిలో పుట్టాడు. నిషివాకి నేతకి పేరున్న ఊరు. నూలుకి ముందే రంగులద్ది ఆ తర్వాత నేసే బట్టలు అక్కడి ప్రత్యేకత. ఇక్కడ ఆగి పడుగు, పేక, స్ఫటికం అంటూ ఏదో ప్రతీక లాగాలని చెయ్యి దురద పెడుతుంది. లాగను. ఆయన జీవితాన్ని అలా రాసేవాళ్ళు జపాన్‌లో చాలామందే ఉండుంటారు.

టోక్యో యూనివర్సిటీలో అప్లైడ్ ఫిజిక్స్ చదివి 1981లో డాక్టరేట్ తీసుకున్నాడు. ఆ దశాబ్దంలో ఆయన చేసిన పని ఆక్సైడ్ల మీద కాదు, ఆర్గానిక్ స్ఫటికాల మీద, అదీ వెలుగుతో. స్ఫటికం మీద కాంతి పంపి ఏ రంగు ఎంత మింగిందో, ఎంత తిప్పికొట్టిందో చూసి లోపలి ఎలక్ట్రాన్ల పరిస్థితి ఊహించడం. వాటిలో టీటీఎఫ్-క్లోరానిల్ అని ఒకటుంది. ఇచ్చే అణువు ఒకటి, పుచ్చుకునే అణువు ఒకటి, వరసగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. మామూలుగా ఇచ్చేది పూర్తిగా ఇవ్వదు, పుచ్చుకునేది పూర్తిగా పుచ్చుకోదు. చల్లబరుస్తూ పోతే 81 కెల్విన్ దగ్గర, అంటే సున్నాకి దాదాపు 190 డిగ్రీల కింద, స్ఫటికం మొత్తం ఒక్కసారిగా ఒప్పందానికొస్తుంది. ఒక జత ఇచ్చిపుచ్చుకుంటే పక్క జతకి సులువవుతుంది, దాన్ని చూసి ఆ పక్కది. ఒక్కొక్కటిగా జరగనిది అందరూ కలిస్తే జరుగుతుంది.

ఈ చిన్న వివరం ఎందుకు చెప్తున్నానంటే, ఆయన గురించి రాసేవాళ్ళు ఎక్కువమంది సూపర్ కండక్టర్లతో మొదలుపెడతారు. నా మటుకు నాకు మొత్తం తొకురా ఇక్కడే కనిపిస్తాడు. రెండు స్థితుల అంచున నిలబడి ఉన్న పదార్థాన్ని వెతకాలి. దాన్ని కొంచెం తోయాలి. మొత్తం గుంపు ఎటు పడుతుందో చూడాలి. తర్వాత మారింది పదార్థమూ, తోసే సాధనమూ మాత్రమే.

1986లో జూరిచ్ ఐబీఎంలో బెడ్నోర్జ్, ముల్లర్ రాగి ఆక్సైడ్‌లో సూపర్ కండక్టివిటీ కనుక్కున్నారు. పాత రికార్డు 23 కెల్విన్. వీళ్ళది 30 దాటింది. పేపర్‌ని చాలామంది నమ్మలేదు. దాన్ని జాగ్రత్తగా మళ్ళీ చేసి అవునన్నది టోక్యోలో షోజి తనాకా బృందం. ఉచిదా, తకాగి, కితాజావా అందులోవాళ్ళే. ఆ డిసెంబరులో కితాజావా బోస్టన్‌లో జరిగిన సదస్సులో ఆ ఫలితాలు చెప్పాడు. తర్వాత కొన్ని నెలల్లోనే హ్యూస్టన్‌లో చూ, హంట్స్‌విల్‌లో వూ బృందాలు 90 కెల్విన్ దాటిన పదార్థం కనుక్కోవడం, మార్చిలో న్యూయార్క్‌లో వేలమంది భౌతిక శాస్త్రవేత్తలు రాత్రి తెల్లవార్లూ కూర్చుని పేపర్లు వినడం, ఇవన్నీ చాలాసార్లు చెప్పిన కథలు.

అప్పటికి దొరికిన రాగి ఆక్సైడ్ సూపర్ కండక్టర్లన్నిటికీ ఒక పోలిక ఉంది. అన్నీ మాట్ ఇన్సులేటర్‌తో మొదలవుతాయి, అన్నిట్లోనూ కొన్ని ఎలక్ట్రాన్లను తీసేసి కదిలిస్తారు. హాస్టల్లో గది ఖాళీ చేయించే మార్గం. మరి రెండో మార్గం? అదనంగా ఒకణ్ణి ఇరికిస్తే సూపర్ కండక్టర్ రాదా? 1989 జనవరిలో నేచర్ పత్రికలో తొకురా, తకాగి, ఉచిదా ముగ్గురి పేర్లతో చిన్న పేపర్ వచ్చింది. వస్తుంది అని.

దీన్ని ఎలా సాధించారన్నదే నాకు ఆసక్తి. లాంథనం ఉండే మొదటి పదార్థంలో ప్రతి రాగి అణువు చుట్టూ ఆరు ఆక్సిజన్లు ఉంటాయి: నాలుగు ఒకే తలంలో, ఒకటి నెత్తిన, ఒకటి కాళ్ళ కింద. నియోడైమియం రాగి ఆక్సైడ్ చూడ్డానికి దానికి చుట్టంలాగే ఉంటుంది గానీ దాంట్లో పైనా కిందా ఆక్సిజన్లు ఉండవు. రాగి, దాని చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, అంతే. పైనా కిందా రుణావేశపు అయాన్లు ఉంటే అదనపు ఎలక్ట్రాన్‌కి అక్కడ ఉండబుద్ధి కాదు. అవి లేనిచోట ఉండగలదు. కాబట్టి ఎలక్ట్రాన్‌ని ఇరికించాలంటే ఈ ఇల్లు సరైనది. నియోడైమియంలో కొంత తీసి, ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ ఇవ్వగల సీరియం పెట్టారు. 24 కెల్విన్ దగ్గర అది సూపర్ కండక్టర్ అయింది. అదీ ఊరికే కాలేదు. ఆక్సిజన్ తక్కువగా ఉన్న వాతావరణంలో మళ్ళీ కాల్చి, స్ఫటికం నుంచి చిటికెడు ఆక్సిజన్ లాగేస్తే తప్ప రాలేదు.

24 అన్నది రికార్డు కాదు. అప్పటికి ప్రపంచం వంద దాటేసింది. కానీ అందరూ వేడి వైపు పరిగెత్తుతుంటే ఈ ముగ్గురూ ఒక ప్రశ్న వైపు నడిచారు. రాగి ఆక్సైడ్ల రహస్యం ఎలక్ట్రాన్లు తీసేయడంలోనే ఉంది అనుకునే సిద్ధాంతాలన్నీ ఆ రోజు నుంచి అటువైపు కూడా జవాబు చెప్పుకోవాల్సొచ్చింది. ఆ రహస్యం ఈనాటికీ అందరూ ఒప్పుకునేలా తేలలేదు.

దీని గురించి ఒకసారి నాన్నతో మాట్లాడాను. నాన్న కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన దృష్టిలో కరెంటంటే ఫిజిక్స్ కాదు, స్తంభం, ఫీడర్, మే నెలలో సాగి వేలాడే తీగ. నిరోధం లేని పదార్థం అనగానే టీవీ సౌండు తగ్గించాడు.

“అంటే లైన్ లాస్ ఉండదా?”

“ఉండదు నాన్నా. కానీ చాలా చల్లగా ఉంచాలి. పైగా ఇది పింగాణీ లాంటిది, తీగలా సాగదు, విరిగిపోతుంది.”

“ఎన్నేళ్ళయింది కనిపెట్టి?”

“ముప్పై దాటింది.”

“ముప్పై ఏళ్ళ నుంచి ఏం చేస్తున్నార్రా మరి?”

ఈ మాట ఆయన వెటకారంగా అనలేదు. డ్యూటీలో ఫ్యూజు పోతే గంటలో వేయాలి, అంతకు మించితే ఊళ్ళోవాళ్ళు ఆఫీసు ముందు కూర్చుంటారు. అలా బతికిన మనిషికి వచ్చే ప్రశ్నే అది. ఇంటర్ అయ్యాక నాకు ఫిజిక్స్‌లో ఐదేళ్ళ ఎమ్మెస్సీ సీటూ, కంప్యూటర్ సైన్స్ సీటూ రెండూ వచ్చినప్పుడు ఆయన అడిగిందీ దాదాపు ఇదే, “అది చదివితే ఏం చేస్తావు?” అని. నేను కంప్యూటర్లు తీసుకున్నాను, దాంతో ఇల్లు కట్టాం, చెల్లి పెళ్ళి చేశాం. ఆ లెక్క మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ నాన్న ప్రశ్నకి జవాబు బాకీ ఉంది. తొకురా మిగతా జీవితాన్ని నేను ఆ బాకీతోనే చదివాను.

1990లలో ఆయన మాంగనీస్ ఆక్సైడ్ల మీదికి వచ్చాడు. ఈ పదార్థాలు కొత్తవేం కావు. 1950లో ఫిలిప్స్ కంపెనీలో యాంకర్, వాన్ సాంటెన్ వీటిని చేసి చూశారు. జీనర్, గుడ్‌ఇనఫ్, ఆండర్సన్, డి జెన్ లాంటి పెద్దలు ఆ తర్వాతి పదేళ్ళలోనే సిద్ధాంతాలు రాసేశారు. తర్వాత చాలాకాలం ఎక్కువమంది పట్టించుకోలేదు. 1990ల మొదట్లో పల్చటి పొరల్లో అయస్కాంత క్షేత్రం పెడితే నిరోధం వేల రెట్లు పడిపోతోందని తేలాక మళ్ళీ అందరూ ఎగబడ్డారు. అలా ఎగబడినవాళ్ళలో తొకురా బృందానికి ఉన్న బలం సిద్ధాంతం కాదు, స్ఫటికాలు.

వీళ్ళు స్ఫటికం పెంచే పద్ధతిని ఫ్లోటింగ్ జోన్ అంటారు. వీడియోల్లో చూడొచ్చు, గంటల తరబడి చూశాను. ఆక్సైడ్ పొడిని కడ్డీలా నొక్కి కాల్చి పైనుంచి వేలాడదీస్తారు, కింద ఇంకో కడ్డీ నిలబెడతారు. చుట్టూ కోడిగుడ్డు లోపలి ఆకారంలో అద్దాలు, వాటిలో హాలోజన్ దీపాలు. వెలుగంతా కడ్డీల మధ్య ఒకే చోట పడి అక్కడ కరుగుతుంది. ఆ కరిగిన బొట్టుకి గిన్నె ఉండదు. తలతన్యతతో రెండు కడ్డీల మధ్య గాల్లో నిలబడుతుంది. ముట్టుకునే పాత్ర లేదు కాబట్టి మలినం చేరదు. కడ్డీలను గంటకి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున కిందికి దించుతూ పోతే బొట్టు దాటిన చోట స్ఫటికం గడ్డకడుతుంది. బొట్టు మధ్యలో తెగిపోతే మళ్ళీ మొదటికి. రాత్రంతా ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. ప్రొడక్షన్ సర్వర్లకి ఆన్‌కాల్ డ్యూటీ చేసిన ఎవరికైనా ఈ పని వెంటనే అర్థమవుతుంది.

ఆ స్ఫటికాల్లో ఏం చూశారంటే: కొన్ని మిశ్రమాల్లో ఎలక్ట్రాన్లు చదరంగం గళ్ళలాగా ఒక గడి వదిలి ఒక గడిలో సర్దుకుని గడ్డకడతాయి. అప్పుడది ఇన్సులేటర్. అంచునే ఉంది, తోయాలి. 1995లో అయస్కాంత క్షేత్రం పెట్టి తోశారు, ఆ గడ్డ కరిగి లోహమైంది. 1997లో ప్రసియోడైమియం, కాల్షియం ఉన్న మాంగనీస్ ఆక్సైడ్‌లో కరెంటు పెట్టి కరిగించారు. అదే ఏడాది ఆ కుటుంబానికే చెందిన స్ఫటికాన్ని వేరే దేశాలవాళ్ళతో కలిసి ఎక్స్‌రే కిరణంతో కరిగించారు. మళ్ళీ అదే ఏడాది వెలుగుతో. ఈ పేపర్లన్నీ వరసపెట్టి చదువుతుంటే ఒకే ఇంటి తలుపు నాలుగు తాళాలతో తీస్తున్న దొంగల ముఠా గుర్తొస్తుంది. దొంగతనం చేయరు. తలుపు తీసి, చూసి, మళ్ళీ వేసి వెళ్ళిపోతారు.

దొంగతనం చేసినవాళ్ళు వేరే ఉన్నారు. 1988లో ఫెర్, గ్రూన్‌బర్గ్ పల్చటి లోహపు పొరల్లో కనిపెట్టిన జెయింట్ మాగ్నెటో రెసిస్టెన్స్ 1997కల్లా ఐబీఎం హార్డ్ డిస్కుల్లోకి వెళ్ళిపోయింది. 2007లో నోబెల్ కూడా వచ్చింది. మాంగనీస్ ఆక్సైడ్ల ప్రభావానికి ‘జెయింట్’ సరిపోక ‘కొలోసల్’ అని పేరు పెట్టారు, కానీ అది హార్డ్ డిస్కుల దాకా చేరలేదు. దానికి చాలా పెద్ద అయస్కాంత క్షేత్రం కావాలి, ఎక్కువసార్లు చాలా చలి కావాలి. పేరు పెద్దదైన కొద్దీ ఉపయోగం చిన్నదైంది అని ఎవరైనా అంటే ఆ కాలానికి అది అన్యాయమైన మాటేం కాదు.

ఇక్కడ నా ఉద్యోగం నుంచి ఒక సంగతి. ఒక పెద్ద సిస్టంలో నలభై యాభై సర్వీసులు ఉంటాయి. ఒక్కోదాన్ని విడిగా పరీక్షిస్తే అన్నీ పాసవుతాయి. ఒకరోజు ఒకటి అర సెకను నెమ్మదిస్తుంది. దాన్ని పిలిచేవాళ్ళు జవాబు రాలేదని మళ్ళీ పిలుస్తారు. వాళ్ళని పిలిచేవాళ్ళు కూడా మళ్ళీ పిలుస్తారు. పది నిమిషాల్లో మొత్తం కూలుతుంది. తర్వాత మీటింగ్‌లో తప్పు ఏ సర్వీసుది అని అడుగుతారు. దేనిదీ కాదు. ఏ ఒక్క ప్రోగ్రాములోనూ లేని ప్రవర్తన అన్నీ కలిస్తే పుట్టింది. కానీ ఫారంలో ‘కారణం’ అన్న గడి ఒకటే ఉంటుంది, అందులో ఒక పేరు రాయాలి. రాస్తాం. 1972లో ఆండర్సన్ ‘మోర్ ఈజ్ డిఫరెంట్’ అనే వ్యాసంలో ఎక్కువ అంటే ఊరికే ఎక్కువ కాదు, వేరు అని వాదించాడు. దాన్ని మేమంతా జీతం తీసుకుంటూ రోజూ చూస్తాం, చూసి ఒక గడిలో కుక్కుతాం. తొకురా ఆ గడిలో కుక్కడానికి ఒప్పుకోని మనిషి. అందుకు ఆయన మీద నాకు కొంచెం అసూయ కూడా ఉంది.

ప్రయోగం చేసేవాణ్ణి ఒంటరి మేధావిగా చూపించడం జీవితచరిత్రల జబ్బు. తొకురా పేపర్ల మీద పేర్లు చదవండి. అసమిత్సు, తొమియోకా, కువహారా, మొరితోమో, అరిమా, కిముర. ఎన్నో పేపర్లలో ఆయన పేరు చివర ఉంటుంది. ఈ రంగంలో చివరి పేరు సాధారణంగా బృందం పెద్దది. మొదటి పేరు చాలాసార్లు ఆ రాత్రుళ్ళు మేలుకున్నవాళ్ళది. పక్కన సిద్ధాంతకర్త నాగవోసా ఉంటాడు. 2000లో సైన్స్ పత్రికలో వీళ్ళిద్దరూ ఆర్బిటల్స్ గురించి రాసిన వ్యాసం, అంతకు ముందు 1998లో ఇమాదా, ఫుజిమోరిలతో కలిసి తొకురా రాసిన రెండొందల పేజీలు దాటిన సమీక్ష, ఈ రంగంలోకి వచ్చేవాళ్ళకి ఇప్పటికీ గుమ్మాలు. సమీక్ష అన్నది సాహిత్యంలో మనం కొంచెం చిన్నచూపు చూసే పని. అక్కడ అలా కాదు. ఎవరు ఏ పదార్థంలో ఏం చూశారో పూసగుచ్చినట్టు చెప్పి, ఏది తేలలేదో తేలలేదని రాసే పుస్తకమంత వ్యాసం అది. మన పత్రికల్లో సమీక్షకులు ఒకసారి దాని విషయసూచిక అయినా చూడాలి అనిపిస్తుంది నాకు.

అన్నీ నిలబడలేదు. 2001లో లాంథనం మాంగనీస్ ఆక్సైడ్‌లో ఆర్బిటల్ అలలు చూశామని ఆయన కూడా భాగమైన బృందం నేచర్‌లో ప్రకటించింది. మరుసటేడే వేరే బృందం అదే పత్రికలో, మీరు చూసింది ఆర్బిటల్ అల కాకపోవచ్చు, స్ఫటికం కంపనాలు రెండు మూడు కలిసినా అలాగే కనిపిస్తుంది అని రాసింది. ఆ అభ్యంతరం బలమైనదే. అభిమానులు ఈ పేపర్‌ని దాటవేస్తారు. దాటవేయాల్సిన అవసరం నాకు కనపడదు.

2003లో వచ్చిన పేపర్ మాత్రం ఒక రంగాన్నే మళ్ళీ లేపింది. అయస్కాంతం పెడితే విద్యుత్ ధ్రువణం మారాలి, విద్యుత్ క్షేత్రం పెడితే అయస్కాంతత్వం మారాలి అన్న ఊహ 1894లో పియర్ క్యూరీది. 1960లో సోవియట్ దేశంలో అస్త్రోవ్ క్రోమియం ఆక్సైడ్‌లో అలాంటిది చూపించాడు, కానీ చాలా బలహీనంగా. తర్వాత ఎక్కువ కాలం ఈ రంగం ఒక మూలకి పోయింది. కిముర మొదటి పేరుగా, తొకురా చివరి పేరుగా వచ్చిన పేపర్‌లో టెర్బియం మాంగనీస్ ఆక్సైడ్ ఉంది. దాన్ని 28 కెల్విన్ కిందికి చల్లబరిస్తే అణువుల స్పిన్‌లు సర్పిలంగా తిరుగుతూ అమరుతాయి, అలా అమరగానే విద్యుత్ ధ్రువణం పుడుతుంది. అయస్కాంత క్షేత్రం పెడితే ఆ ధ్రువణం తొంభై డిగ్రీలు పక్కకి తిరుగుతుంది. ఎంత ధ్రువణం? చాలా కొంచెం. ఎంత చలి? విపరీతం. కానీ రెండు వేర్వేరు గుణాలు పక్కపక్కన ఉండటం కాదు, ఒకటి ఇంకోదాన్ని కంటోంది. రెండేళ్ళలో నాగవోసా వాళ్ళు దానికి సిద్ధాంతం రాశారు.

స్కిర్మియాన్ల కథ కూడా ఇలాంటిదే గానీ ఇందులో బొమ్మ ఉంది. స్పిన్‌లు సుడిలా చుట్టుకుని ముడిపడ్డ ఆకారం స్కిర్మియాన్. పేరు టోనీ స్కిర్మ్‌ది. ఆయన 1960లలో దాన్ని వేరే పనికి, అణుకేంద్రక కణాల కోసం ఊహించాడు. 2009లో జర్మన్ బృందం మాంగనీస్ సిలికాన్‌లో న్యూట్రాన్లతో దాని జాడ పట్టింది. 2010లో షియుజెన్ యూ మొదటి పేరుగా, తొకురా బృందం ఇనుము, కోబాల్ట్, సిలికాన్ స్ఫటికాన్ని పల్చగా కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఫొటో తీసింది. సుడులు తేనెపట్టులా వరసగా, ఒకదానికొకటి దాదాపు 90 నానోమీటర్ల దూరంలో. అంతవరకూ లెక్కల్లో, గ్రాఫుల్లో ఉన్నది కళ్ళకి కనపడింది. నాన్నకి ఆ బొమ్మ చూపించాను. “గవ్వల్లాగున్నాయి” అన్నాడు. సరిగ్గానే అన్నాడు.

2013లో టోక్యో పక్కన వాకోలో ఉన్న రైకెన్ సంస్థలో ఎమర్జెంట్ మేటర్ సైన్స్ కేంద్రం మొదలైంది, తొకురా దానికి డైరెక్టర్ అయ్యాడు. మరుసటేడు నోబెల్ రావచ్చునని థామ్సన్ రాయిటర్స్ వేసిన జాబితాలో ఆయన పేరు ఉంది, పక్కనే మన రామమూర్తి రమేశ్ పేరు కూడా. ఆ అక్టోబర్లో ఫిజిక్స్ నోబెల్ ముగ్గురు జపాన్‌లో పుట్టినవాళ్ళకే వచ్చింది: అకసాకి, అమానో, నకమురా. నీలం ఎల్‌ఈడీకి. నేను ఇది రాస్తున్న గదిలో, మీరు చదువుతున్న తెరలో ఉన్న వెలుగు అది. నాన్న ప్రశ్నకి వాళ్ళు ఒక్క మాటలో జవాబు చెప్పగలరు. తొకురా చెప్పలేడు.

ఉపయోగం ఎప్పుడో వస్తుందిలే, ఫారడేని కూడా ఇలాగే అడిగారులే అన్న సమాధానం నాకు నచ్చదు. అది వాయిదా అడగడం. రాకపోవచ్చు కూడా. రాగి ఆక్సైడ్ తీగ మా ఊరి ఫీడరుకి ఎన్నటికీ రాకపోవచ్చు, స్కిర్మియాన్ మెమరీ చిప్పు దుకాణంలో ఎప్పటికీ కనపడకపోవచ్చు. ఆ సంగతి ఒప్పుకున్నాక కూడా మిగిలేది ఏంటని చూస్తే, నా మొదటేడాది పాఠంలోని మూడు అరలు ఇప్పుడు సరిపోవు. లోహం, ఇన్సులేటర్ అన్నవి పదార్థాలకి ఇంటిపేర్లు కావు, అవి ఎలక్ట్రాన్లు ప్రస్తుతానికి చేసుకున్న ఏర్పాట్లు. వెలుగు పడితే మారే ఏర్పాట్లు. దీన్ని నాన్నకి చెప్తే, “మరి ఆ మొక్క పుస్తకంలో పెట్టారా?” అన్నాడు. ఇప్పటి మొదటేడాది సిలబస్ తెప్పించి చూశాను. బ్యాండ్ థియరీ ఉంది. నికెల్ ఆక్సైడ్ లేదు.

తొకురాకి డెబ్బై దాటాయి. 2020లో ఆయన కూడా ఉన్న బృందం ఇంకో కొత్త సంగతి ప్రకటించింది. గాడోలీనియం, రుథీనియం, అల్యూమినియం ఉన్న అయస్కాంతంలో స్పిన్‌లు మరచుట్టులా అమరి ఉంటాయి. దాంట్లోంచి ఏసీ కరెంటు పంపితే, తీగ చుట్ట లేకుండానే అది ఇండక్టర్‌లా పనిచేస్తుందని. ఇండక్టర్ అంటే ట్యూబులైటు చోక్ ఉంటుందే, దాని పని. మామూలు చుట్ట చిన్నదైనకొద్దీ బలహీనపడుతుంది, ఇది చిన్నదైనకొద్దీ బలపడాలి. తర్వాత ఇంకో పేపర్ వచ్చింది: కరెంటు వల్ల నమూనా వేడెక్కి చల్లారుతుంటుంది కదా, ఆ వేడి వెనకబాటు వల్ల కూడా అలాంటి సంకేతమే వస్తుంది, ముందు దాన్ని తీసేసి చూడాలి అని. రాసినవాళ్ళలో రైకెన్‌లోని అదే కేంద్రానికి చెందినవాళ్ళు ఉన్నారు.

రెండూ ప్రింటు తీసుకున్నాను. చోక్ అనగానే నాన్న కళ్ళజోడు పెట్టుకుని గ్రాఫులు చూశాడు. “వేడెక్కిందో లేదో అంటే వీళ్ళు ఒకసారి కరెంటు పెంచి చూడాలి గదా” అన్నాడు. ఫ్రీక్వెన్సీ కూడా మార్చి చూడాలి. రెండో పేపర్‌లో ఆ భాగం దగ్గర ఉన్నాం.